వీజ్, శ్వాసము, ఉసురు

ఆంగ్లమున "వీజ్" అనఁగా ఊపిరి యాడునప్పుడు ఱొమ్మున ఈలవలె వినవచ్చు ధ్వని. తెలుఁగువారు దీనిని పిల్లికూతలందురు. ఈ యాంగ్లపదమునకు శ్వాసశబ్దముతో చుట్టఱికము కలదు; ఉసురుతో లేదు. ఈ భేదమునకుఁ గారణము విచారింపఁదగినది.

ఇట్టి పదవిచారమునకు కడప తగిన తావు. 1820వ సంవత్సరమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఉద్యోగియై కడప చేరెను. తరువాత అచ్చటి తన బంగళాలో పండితులను నిలిపి వ్రాఁతప్రతులను పరిష్కరింపించెను. ఆయన తెలుఁగు-ఆంగ్ల నిఘంటువు 1852లో చెన్నపట్టణమున అచ్చుపడెను. సవరింపఁబడిన 1903 నాఁటి ముద్రణమున పదముల చెంత సంస్కృతము, తెలుఁగు అను గుర్తులు కలవు. కావున శ్వాసము, నిట్టూర్పు ఒకే గ్రంథమున నున్నను వాని వంశములు వేఱని చదువరికిఁ దెలియును.

వీజ్ అనునది 15వ శతాబ్దినుండి ఆంగ్లమునఁ గానవచ్చును. బుసకొట్టుట యను నర్థముగల ప్రాచీన నార్సు పదమునుండి ఇది వచ్చెనని భాషావేత్తలు తలంతురు. సంస్కృతమున "శ్వ" యున్నచోట జర్మానిక భాషలలో "హ్వ" యుండుట నియమము. శ్వేతశబ్దమునకు సరియగు ప్రాచీనాంగ్లపదము "హ్వీట్". అదియే నేఁటి "వైట్". వైట్ శ్వేతమున కెట్లో వీజ్ శ్వసధాతువున కట్లు. శ్వసధాతువునకును ఊపిరి విడుచుట, బుసకొట్టుట అను నర్థములు కలవు. వైద్యశాస్త్రమున శ్వాసము రోగనామము కూడ. చరకసంహిత మహా, ఊర్ధ్వ, ఛిన్న, తమక, క్షుద్రములని దాని నైదు విధములుగా విభజించినది.

ఉసురు మార్గము వేఱు. తమిళమున ఉయిర్, కన్నడమున ఉసిర్ దానికి దాయాదులు. తెలుఁగు సంస్కృతజన్యము కాదని ఎల్లిస్ దొర, 1816లో వెలువడిన క్యాంబెల్ వ్యాకరణపు పీఠికాభాగమున, ధాతువులను పోల్చి నిరూపించెను. నిడు, ఊర్పు కలిసి నిట్టూర్పగుటయు, కుఱు, ఉసురు కలిసి కుట్టుసురగుటయు బాలవ్యాకరణము చదివిన బాలురకు సైతము తెలిసినదే. ఈ ద్విరుక్తటకారము అచ్చతెనుఁగు సమాసములకే చెల్లును.

ఇందొక వింత కలదు. శ్వసధాతువునకు సోదరమైన లాటిను ధాతువునకు మొఱపెట్టుట యర్థమయ్యెను. అందుండియే సణుగువానిని తెలుపు "క్వెరులస్" అను నాంగ్లపదము పుట్టినది. కడప, కర్నూలు సీమలలోను, తక్కిన తెలుఁగునాఁటను, ఆర్తుని కడుపుమంట కీడు చేయునని చెప్పుటకు "ఉసురు తగులును" అందురు. ఇరువంశములందును ఊపిరియే మొఱగా మాఱినది. కాని యిది మనుష్యస్వభావమువలనఁ గలిగిన పోలికయే కాని రక్తసంబంధము కాదు. అర్థసామ్యముచే చుట్టఱికము సిద్ధింపదు; వర్ణనియమముచే సిద్ధించును. ఈ వివేకము లేనిచో ప్రతి తెలుఁగు మాటకును సంస్కృతమూలము కల్పించుట తప్పదు.