పిల్లల్ని ఈ సినిమాకి తీసుకెళ్ళొచ్చా? – కొన్ని అక్షరాల చరిత్ర

కొన్నేళ్ళ క్రితం ఒక శనివారం సాయంత్రం, ఇక్కడ అమెరికాలో మా ఊరి థియేటర్లో తెలుగు సినిమా వేస్తున్నారని తెలిసి, ఆరేళ్ళ మా అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్ళాం. "మన హీరో సినిమా కదండీ, కుటుంబ కథే" అని మిత్రులొకరు భరోసా ఇచ్చారు. ఇంటర్వెల్ కాకముందే తెర మీద వేటకొడవళ్ళు లేచాయి. మావాడు నా చొక్కా పట్టుకుని ఒళ్ళో ముఖం దాచుకున్నాడు. ఆ తరువాత వారం రోజులు పడుకోబోయే ముందు ఒకటే ప్రశ్న: "నాన్నా, ఆ అంకుల్ చెయ్యి మళ్ళీ అతికించారా?"

మా ఆవిడ కోప్పడలేదు. "మొదట్లో సర్టిఫికెట్ వేశారు కదా, చూశారా?" అని మాత్రం అడిగింది. చూశాను. యు/ఎ అని ఉంది. చిన్నప్పటి నుంచి వందలసార్లు చూసిన అక్షరాలే, కానీ వాటి అర్థమేమిటో ఏనాడూ ఆలోచించలేదు. ఆ సిగ్గుతోనే వాటి చరిత్ర తిరగేశాను.

మన దేశంలో మొదటి సినిమాటోగ్రాఫ్ చట్టం 1918లో వచ్చింది. 1920 నుంచి బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూన్‌లలో సెన్సారు బోర్డులు పనిచేశాయి. అప్పట్లో ప్రశ్న ఒక్కటే: ఈ బొమ్మను జనానికి చూపించొచ్చా, కూడదా? పిల్లలు వేరు, పెద్దలు వేరు అన్న విభజన 1949 సవరణతో వచ్చింది. అందరికీ అయితే యు, పెద్దలకు మాత్రమే అయితే ఎ. 1952 నాటి చట్టం దాన్నే కొనసాగించింది. మా కంప్యూటర్ వాళ్ళ భాషలో ఇది ఒక్క బిట్ సమాచారం, సున్నా లేదా ఒకటి. ఆరేళ్ళ మనవడికీ అరవయ్యేళ్ళ తాతగారికీ ఒకటే అక్షరం!

ఈ అక్షరం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళినవాడు ప్రసిద్ధ రచయిత, దర్శకుడు కె.ఎ. అబ్బాస్. నాలుగు మహానగరాల్లోని సంపదనీ పేదరికాన్నీ పక్కపక్కన పెట్టి ఆయన తీసిన డాక్యుమెంటరీకి యు ఇవ్వకుండా ఎ ఇవ్వబోయారు. 1970లో వచ్చిన తీర్పు సెన్సారు పద్ధతిని సమర్థించింది. మిగతా కళలకన్నా సినిమా మనసును ఎక్కువగా కదిలిస్తుందనీ, పిల్లల మీద దాని ప్రభావం మరీ ఎక్కువనీ కోర్టు అభిప్రాయపడింది. ఆ మాట ఎంత నిజమో మావాడు నాకు వారం రోజులు చెబుతూనే ఉన్నాడు.

ఇక అమెరికా సంగతి. ఇక్కడ 1930లో హేస్ కోడ్ అనే నియమావళి వచ్చింది, 1934 నుంచి గట్టిగా అమలైంది. తీసే ప్రతి సినిమా అందరూ చూడదగ్గదిగా ఉండాలన్నది దాని ఉద్దేశం. కాలం మారింది, కోడ్ నిలవలేదు. 1968 నవంబరు 1న దాని స్థానంలో జి, ఎం, ఆర్, ఎక్స్ అనే నాలుగు తరగతులు వచ్చాయి. ఇందులో ఎం అంటే ఏమిటో తల్లిదండ్రులకు అర్థం కాలేదు, ఆర్ కన్నా అదే ఘాటైనదని చాలామంది అనుకున్నారు. దాన్ని 1970లో జి.పి. అనీ, 1972లో పి.జి. అనీ మార్చారు.

1984 వేసవిలో అసలు చిక్కు వచ్చింది. స్పీల్‌బర్గ్ 'ఇండియానా జోన్స్ అండ్ ద టెంపుల్ ఆఫ్ డూమ్'కి పి.జి. ఇచ్చారు. అందులో ఒక పూజారి బతికున్న మనిషి గుండెను చేత్తో పెకలిస్తాడు. కొద్దిరోజుల తేడాతో విడుదలైన 'గ్రెమ్లిన్స్'కీ పి.జి.యే. పిల్లల్ని తీసుకెళ్ళిన తల్లిదండ్రులు మండిపడ్డారు. పి.జి.కీ ఆర్‌కీ నడుమ ఇంకొకటి ఉండాలని స్పీల్‌బర్గే సూచించారు. ఆ ఏడాది జూలై 1న పి.జి.-13 పుట్టింది.

ఆ గుండె పెకలించిన పూజారి మనకు పరాయివాడేమీ కాదు, అమ్రీష్ పురి! 1990లో 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లో మాంత్రికుడుగా మా తరం పిల్లల్ని హడలగొట్టింది ఆయనే. నేను ఆ సినిమాని మా అమ్మమ్మ పక్కన కూర్చుని చూశాను. నేను బిగుసుకుపోయినప్పుడల్లా ఆవిడ చెవిలో "ఏం కాదురా, ఆఖరికి వాడే పోతాడు" అనేది. పైటకొంగు నా కళ్ళకు అడ్డం పెట్టి, మళ్ళీ తనే తీసేది.

సరిగ్గా ఈ అమ్మమ్మ పనినే భారత ప్రభుత్వం చట్టంలో రాసింది. 1983లో యు/ఎ అమల్లోకి వచ్చింది. సినిమా అందరూ చూడవచ్చు, కానీ పన్నెండేళ్ళలోపు పిల్లలు చూడవచ్చో లేదో వాళ్ళ తల్లిదండ్రులే ఆలోచించుకోవాలని దాని అర్థం. బోర్డు పేరులో సెన్సారు పోయి సర్టిఫికేషన్ వచ్చింది కూడా అప్పుడే, మనం మాత్రం ఇంకా సెన్సారు బోర్డనే అంటున్నాం.

గమనించారా? రెండు పెద్ద దేశాలూ ఒకే మాట ఒప్పుకున్నాయి: మీ పిల్లవాడెవరో మాకు తెలియదు, మీకు తెలుసు, మీరే చూసుకోండి. నేను అనుమతి పత్రం అనుకున్నది నిజానికి నాకు అప్పగించిన బాధ్యత.

ఇక్కడ మనకు ఇంకొక తిరకాసుంది. అమెరికాలో రేటింగ్ చట్టం కాదు, పరిశ్రమ తనకు తానుగా పెట్టుకున్న ఏర్పాటు. చాలా తెలుగు సినిమాలు ఇక్కడ రేటింగ్ లేకుండానే విడుదలవుతాయి. మన సర్టిఫికెట్ తెర మీద కనపడే సరికి టికెట్లు కొని, పాప్‌కార్న్ పట్టుకుని కూర్చుని ఉంటాం. 2023 సవరణతో భారత్‌లో యు/ఎ ని 7+, 13+, 16+ అని మూడుగా విడదీశారు. ఒక్క బిట్‌తో మొదలైనది కొంత మెరుగైంది. అయినా ఆ మూడూ సూచనలే, నిర్ణయం మనదే.

ఇప్పుడు మా మూడు కుటుంబాలకు ఒక ఒప్పందం ఉంది. ఎవరో ఒకరు పిల్లలు లేకుండా ముందుగా చూసి మిగతావాళ్ళకు ఫోన్ చేస్తారు. "బాగుందా?" అని అడగం. కొట్టడం ఎంతసేపు చూపించాడు, చిన్నపిల్లలకు ఏమైనా అవుతుందా, తల్లి చనిపోతుందా అని అడుగుతాం. మా పక్కింటివాళ్ళ పాప కత్తులు చూసి నవ్వుతుంది కానీ సినిమాలో అమ్మ ఏడిస్తే తట్టుకోలేదు. అది ఏ బోర్డుకి తెలుస్తుంది?

చివరగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ శనివారం నా అసలు తప్పు సర్టిఫికెట్ సరిగా చూడకపోవడం కాదు. మావాడు ముఖం దాచుకున్నాక కూడా, టికెట్ డబ్బులు దండగవుతాయని, "ఇంకాసేపట్లో అయిపోతుందిరా" అంటూ చివరిదాకా కూర్చోబెట్టాను. అమ్మమ్మ అయితే లేచి బయటికి తీసుకొచ్చేసేది.