ఉపన్యాసము నుండి గ్రంథమునకు

శాస్త్ర విషయములను ప్రజలకు తెలుపుటకు ఉపన్యాసము చాల పాత సాధనము. కాని మాటకు ఒక లోపము కలదు. పలికినంతనే అది గాలిలో కలిసిపోవును. సభలో చోటు దొరికినవారికే అది అందును. ఈ లోపము ఎట్లు తీరుచు వచ్చినదో మైకేల్ ఫారడే చరిత్ర చక్కగా తెలుపును.

ఫారడే 1791 సెప్టెంబరు 22వ తేదీన లండను సమీపమున ఒక కమ్మరి ఇంట జన్మించెను. బడి చదువు అంతంత మాత్రమే. 1805లో రీబో అను పుస్తకవర్తకునివద్ద బైండింగు పని నేర్చుకొనుటకు చేరెను. బైండింగునకు వచ్చిన పుస్తకములను తీరిక వేళల చదివెడివాడు. విజ్ఞానసర్వస్వములోని విద్యుచ్ఛక్తి వ్యాసమును, జేన్ మార్సెట్ అను విదుషి రచించిన రసాయనశాస్త్ర సంభాషణలను చదివినది అప్పుడే. 1810 నుండి టేటమ్ అను నాతని శాస్త్రోపన్యాసములకు పోవ నారంభించెను. ప్రవేశ రుసుము ఒక షిల్లింగు. ఆ పైకమును అన్న ఇచ్చెడివాడు.

ఆ కాలమున రాయల్ ఇన్‌స్టిట్యూషనులో హంఫ్రీ డేవీ ఉపన్యాసములు మిక్కిలి ప్రసిద్ధములు. బైండింగు కుర్రవానికి అందులో ప్రవేశ మెక్కడిది? 1812లో అంగడికి వచ్చెడి డాన్స్ అను పెద్దమనిషి టిక్కెట్లు ఇప్పించెను. ఫారడే నాలుగు ఉపన్యాసములు విని, వానిని సాఫుగా తిరిగి వ్రాసి, పరికరముల బొమ్మలు గీసి, సుమారు 300 పుటల గ్రంథముగా తానే బైండు చేసెను. డిసెంబరులో దానిని డేవీకి పంపి పని కోరెను. 1813 మార్చి 1న ఆ సంస్థలోనే సహాయకుడుగా నియమింపబడెను. ఆ టిక్కెట్టు, ఆ వ్రాతప్రతి లేకున్నచో, విద్యుజ్జనక యంత్రమునకు మూలమైన 1831 నాటి పరిశోధన ఆతని చేతులమీదుగా జరిగెడిదో లేదో!

మంచి శ్రోతయే మంచి వక్త కాగలడు. 1813లోనే ఫారడే తన మిత్రుడు అబట్‌కు వ్రాసిన లేఖలలో ఉపన్యాసశాల, వక్త తీరు, శ్రోతల ఓపిక అను విషయములను చర్చించెను. గంటకు మించి ఉపన్యాసము సాగరాదని ఆతని అభిప్రాయము. బాలబాలికలకై 1825లో ఆరంభమైన క్రిస్మస్ ఉపన్యాసములలో, 1827 మొదలు 1860 వరకు, ఆతడు 19 వరుసలు ఇచ్చెను.

చివరి వరుసకు విషయము కొవ్వొత్తి. మంట నడుమనున్న నల్లని భాగములో గాజు గొట్టము నుంచి, లోని ఆవిరిని వెలుపలికి తెచ్చి, గొట్టము రెండవ కొనవద్ద వెలిగించి చూపెను. మండునది మైనపు ఆవిరి యని పిల్లలు కంటితో చూచిరి. కొవ్వొత్తి మండుటకును మనము శ్వాసించుటకును గల పోలికతో ఆరవ ఉపన్యాసము ముగిసెను. విలియం క్రూక్స్ ఈ ఆరింటిని వ్రాయించి, పరిష్కరించి, 1861లో గ్రంథముగా వెలువరించెను. ఒకనాడు డేవీ మాటలకు ఫారడే చేసిన సేవయే, ఫారడే మాటలకు క్రూక్స్ చేసెను.

తరువాత సాధనములు పెరిగినవి. 1936లో క్రిస్మస్ ఉపన్యాసములు టెలివిజనుకెక్కినవి. 1989లో జెనీవా సమీపమునగల సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను ప్రతిపాదించెను. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దానిని ఎల్లరకు ఉచితముగా విడిచిపెట్టెను. నేడు కొవ్వొత్తి గ్రంథమును వెబ్‌లో రుసుము లేక చదువవచ్చును.

టిక్కెట్టు సమస్య చాలవరకు తీరినది. కాని విన్నదానిని గ్రహించి, సొంత మాటలలో వ్రాసి, బొమ్మ గీయు శ్రమను ఏ యంత్రమును తీర్చజాలదు. పాఠశాలలో ఉపన్యాసము జరిగినప్పుడు ఇద్దరు విద్యార్థులచే దానిని వ్రాయించి, వక్తచే తప్పులు దిద్దించి, గ్రంథాలయమున భద్రపరచుట ఉపాధ్యాయులకు కష్టము కాదు. ఆనాడు సభకు రాలేకపోయిన విద్యార్థికి అదియే ప్రవేశపత్రము.