ముప్ఫయ్యో రోజు లోపు కంటి పరీక్ష

నెలలు నిండి పుట్టిన బిడ్డ కంటికీ, ముందే పుట్టిన బిడ్డ కంటికీ పైకి తేడా కనబడదు. ఉన్న తేడా అంతా కంటి వెనకాల, రెటీనా అనే పల్చటి పొరలో ఉంటుంది. కడుపులో నాలుగో నెల దాకా ఆ పొరలో రక్తనాళాలే ఉండవు. ఆ తరవాత కంటినరం మొదట్లో పుట్టి అంచుల వైపు పాకుతాయి. ముక్కు వైపు అంచుకు 36 వారాలకు, చెవి వైపు అంచుకు దాదాపు 40 వారాలకు చేరతాయి. ఏడో నెలలో కాన్పయితే ఆ పాకడం దారి మధ్యలో ఉంటుంది.

1942లో బోస్టన్ కంటి వైద్యుడు థియోడర్ టెర్రీ, నెలలు నిండకుండా పుట్టిన పసివాళ్ల కంటిపాప వెనక తెల్లటి పొర ఉన్నట్టు గుర్తించాడు. దానికి రెట్రోలెంటల్ ఫైబ్రోప్లాసియా అని పేరు పడింది. కారణం తెలియకుండానే 1946లో ఆయన చనిపోయాడు. 1942 తరవాతి పదేళ్ల చిల్లరలో ప్రపంచమంతటా సుమారు 10,000 మంది పిల్లలకు చూపు పోయింది. 1950లో ఆరు వారాలు ముందు పుట్టిన గాయకుడు స్టీవీ వండర్ వారిలో ఒకడు. విచిత్రమేమంటే ఈ జబ్బు మంచి వసతులున్న ఆసుపత్రుల్లోనే ఎక్కువ.

1951లో మెల్‌బోర్న్ పిల్లల వైద్యురాలు కేట్ క్యాంప్‌బెల్ అక్కడి ఆసుపత్రులను పోల్చి చూసింది. ఆక్సిజన్ ధారాళంగా పెట్టిన చోటే గుడ్డితనం ఎక్కువగా ఉంది. వాషింగ్టన్‌లోని గాలింజర్ ఆసుపత్రిలో వైద్యుడు ఆర్నల్ పాట్జ్ కొందరు పిల్లలకు ఆక్సిజన్ బాగా, కొందరికి తక్కువగా ఇచ్చి చూడాలనుకున్నాడు. పిల్లలు ఊపిరాడక పోతారన్న భయంతో నర్సులు రాత్రిళ్లు గుట్టుగా ఆక్సిజన్ పెంచేవారు. వారిని తప్పుపట్టలేం. అప్పటిదాకా అందరూ నమ్మింది అదే. చివరికి 18 అమెరికన్ ఆసుపత్రులు కలిసి చేసిన పరిశీలన 1954లో అనుమానాన్ని తీర్చింది. ప్రాణం నిలబెట్టిన ఆక్సిజనే ఎక్కువై, నాళాల పెరుగుదలను ఆపేస్తోంది. కొన్ని వారాలకు ఆ ఆక్సిజన్ చాలక రెటీనా కొత్త నాళాలను పిచ్చి మొక్కల్లా పుట్టిస్తుంది. అవి ముడుచుకుని రెటీనాను ఊడలాగుతాయి.

దాంతో ఆక్సిజన్‌ను మరీ బిగబట్టారు. చూపు దక్కిన ఒక్కో బిడ్డకు 16 మంది చొప్పున ప్రాణాలు పోయి ఉంటాయని 1973లో పరిశోధకుడు కెన్నెత్ క్రాస్ లెక్కగట్టాడు. రక్తంలో ఆక్సిజన్‌ను గంటగంటకూ కొలిచే సాధనాలు వచ్చాకే కొలత కుదిరింది. అయినా మరీ చిన్న బిడ్డలు బతకడం మొదలయ్యాక జబ్బు మళ్లీ తలెత్తింది.

జబ్బును కనిపెట్టినా వైద్యం లేనప్పుడు పరీక్షకు అర్థం లేదు. రెటీనా అంచును గడ్డకట్టించే వైద్యం పనిచేస్తుందని 1988లో అమెరికన్ అధ్యయనం తేల్చింది. తరవాత ఆ పనిని లేజర్ తీసుకుంది. అప్పటినుంచి ఎవరిని, ఎప్పుడు చూడాలన్నదే అసలు ప్రశ్నయింది.

పరీక్ష చూసేవారికే కష్టంగా ఉంటుంది. ముందుగా చుక్కలు వేసి కంటిపాపను పెద్దది చేస్తారు. బిడ్డను గుడ్డలో బిగుతుగా చుట్టి, రెప్పలు మూసుకోకుండా చిన్న తీగ క్లిప్పు పెడతారు. నెత్తిన దీపం కట్టుకున్న డాక్టర్ చేతిలో భూతద్దం పట్టుకుని, మొండి కొసతో కనుగుడ్డును మెల్లగా తిప్పి అంచులు చూస్తారు. నాళాలు ఆగిన చోట తెల్ల గీత కనబడితే మొదటి దశ, అది గట్టులా లేస్తే రెండోది, గట్టు మీద కొత్త నాళాలు మొలిస్తే మూడోది. మూడో దశ ముదిరితే లేజర్‌కు రెండు మూడు రోజులే గడువు. నాలుగు, అయిదు దశల్లో రెటీనా ఊడిపోతుంది.

పాశ్చాత్య దేశాలు 1,500 గ్రాముల లోపు పిల్లలను చూస్తే చాలనుకున్నాయి. మన దగ్గర అంతకన్నా బరువున్న బిడ్డలకూ చూపు పోతోంది. చాలా చోట్ల ఆక్సిజన్‌ను గాలితో కలిపి తగ్గించే పరికరం లేక, సిలిండర్ నుంచి నేరుగా పెట్టడం ఇందుకు ఒక కారణం. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ డాక్టర్ సుభద్ర జలాలి ఆధ్వర్యంలో జంటనగరాల నవజాత శిశు విభాగాలకు వెళ్లి పరీక్షించే కార్యక్రమాన్ని 1990ల చివర్లో మొదలుపెట్టింది. భారతదేశపు ప్రమాణాలు 2,000 గ్రాముల లోపు, లేదా 34 వారాల లోపు పుట్టిన బిడ్డలందరినీ 30 రోజుల్లోపు చూడమంటాయి. 28 వారాలకన్నా ముందు, లేదా 1,200 గ్రాములకన్నా తక్కువతో పుడితే 20 రోజులకే చూడాలి. తెలుగిళ్లలో ఇరవయ్యొకటో రోజు బారసాల చేసే వేళకు దగ్గర దగ్గరగా వస్తుందీ లెక్క. పసిబిడ్డను అంత త్వరగా గడప దాటించకూడదన్న పట్టింపు మాత్రం దీనికి అడ్డు. కర్ణాటకలో 2008 నుంచి కిడ్‌రాప్ పథకం కింద టెక్నీషియన్లే జిల్లాలకు కెమెరా తీసుకెళ్లి రెటీనా ఫొటోలు డాక్టర్లకు పంపుతున్నారు.

మొదటి పరీక్షలో ఏమీ కనబడకపోయినా వారం, రెండు వారాలకు మళ్లీ రమ్మంటారు. చెవి వైపు అంచుకు నాళాలు చేరేదాకా ఆ రాకపోకలు తప్పవు.