సొరుగు మీద పేరు: పిల్లలకు సర్దుకోవడం నేర్పిన చరిత్ర

పిల్లలకు విడిగా ఒక పడకగది ఉండటం, దాన్ని వారే శుభ్రంగా, పొందికగా ఉంచుకోవాలని పెద్దలు ఆశించడం చాలా సమాజాల్లో ఇటీవలి కాలపు పరిణామాలు. తెలుగు ప్రాంతాల్లోని మండువా లోగిళ్ళలో, అంటే నడుమ ఆకాశం కనిపించేలా ఖాళీ విడిచి నాలుగు వైపులా వసారాలు దించిన పాతకాలపు ఇళ్ళలో, పిల్లలు రాత్రిపూట పెద్దల పక్కన చాపల మీదో బొంతల మీదో పడుకునేవారు; వేసవిలో ఆ పక్కలు ఆరుబయటికి మారేవి. రాత్రి పడక వేసిన చోటే పగలు భోజనాలు వడ్డించడం, వచ్చినవారిని కూర్చోబెట్టడం జరిగేది కనుక, పొద్దున్నే చాప చుట్టి మూలన నిలబెట్టడం, దుప్పటి మడిచి పెట్టడం ఇల్లు నడవడానికి తప్పనిసరి అవసరాలయ్యాయి. చొక్కాకు చిలక్కొయ్య, తడిబట్టకు దండెం, పలకా పుస్తకాలకు గోడగూడు ఏర్పడి ఉండేవి. ఇల్లే నేర్పిన ఈ క్రమశిక్షణలో ఒక పెద్ద లోపం ఉంది: చాప చుట్టడం అందరిదీ అయినా, ఊడ్చడం, అలకడం, ముగ్గు పెట్టడం ఆడపిల్లల వంతయ్యాయి, మగపిల్లవాడు చీపురు పట్టడం నామోషీగా భావించేవారు, వీధీ దొడ్డీ శుభ్రం చేసే పనిని సమాజం కొన్ని కులాల మీద మోపింది. పరిసరాలను సర్దుకోవడం ప్రతి బిడ్డకూ అందవలసిన చదువులో భాగమనే ఆలోచన ఈ వ్యవస్థలో పుట్టే అవకాశం తక్కువ.

ఆ ఆలోచన ఒక విద్యాపద్ధతిగా రూపుదిద్దుకున్న చోట్లలో ముఖ్యమైనది రోము నగరంలోని సాన్ లొరెంజో పేట. పంతొమ్మిదో శతాబ్దం చివర అక్కడ విచ్చలవిడిగా మొదలైన భవన నిర్మాణం ఆర్థిక సంక్షోభంతో ఆగిపోగా, సగంలో నిలిచిన కట్టడాల్లోకి నిరుపేదలు చేరి ఇరుకిరుకుగా బతకసాగారు. ఒక స్థిరాస్తి సంస్థ ఆ భవనాలను కొని, బాగుచేసి, కూలి కుటుంబాలకు అద్దెకిచ్చింది. తల్లిదండ్రులు పనికి వెళ్ళాక, బడి ఈడు రాని పిల్లలు మెట్ల మీదా నడవల్లోనూ తిరుగుతూ కొత్త గోడలను పాడుచేయసాగారు. వారిని పగలంతా ఒకచోట ఉంచితే మరమ్మతుల ఖర్చు మిగులుతుందనీ, ఆ మిగులుతో బడి నడపవచ్చుననీ సంస్థ అధిపతి ఎదువార్దో తలామో లెక్కవేసి, వైద్యురాలైన మరియా మాంటిస్సోరికి (1870-1952) ఆ బాధ్యత అప్పగించాడు. 1907 జనవరి 6న అక్కడ తెరిచిన ‘బాలల ఇల్లు’కు తొలి ప్రేరణ, ఆ విధంగా, గోడల రక్షణే. పిల్లలను ఒంటి శుభ్రతతో, ఉతికిన బట్టలతో పంపాలనీ, అశుభ్రంగా పంపితే బడి నుంచి తొలగిస్తామనీ తల్లిదండ్రులకు నియమం పెట్టారు. యజమానుల దృష్టిలో ఇది ఆస్తిని కాపాడుకునే ఏర్పాటు కాగా, మాంటిస్సోరి దీన్ని బాల్యాన్ని పరిశీలించే అవకాశంగా మలచుకున్నారు.

ఆమె చేసిన మొదటి మార్పు సామాను విషయంలో కనిపిస్తుంది. నేలకు బిగించిన బల్లలకు బదులు, నాలుగేళ్ళ పిల్లలు ఇద్దరు కలిసి ఎత్తి జరపగలిగినంత తేలికైన బల్లలనూ, తేలికైన కుర్చీలనూ చేయించారు; చేతులు కడుక్కునే తొట్లను బిడ్డకు అందే ఎత్తులో అమర్చారు. పొట్టి అలమరలతో పాటు, వరుసలుగా చిన్న చిన్న సొరుగులున్న పెట్టె ఒకటి ఉండేది. ఒక్కో సొరుగుకు మెరిసే పిడి, దానిపై ఒక బిడ్డ పేరు రాసిన చీటీ ఉండేవి, ఆ సొరుగు ఆ బిడ్డ సొంతం. తేలిక కుర్చీలను పిల్లలు పడదోస్తారన్న అభ్యంతరానికి ఆమె సమాధానం గమనించదగినది: కుర్చీ పడితే చప్పుడవుతుంది, ఆ చప్పుడే బిడ్డకు తన కదలికలోని పొరపాటును తెలియజేస్తుంది, కనుక బిగించిన బల్ల దాచిపెట్టే తప్పును తేలిక కుర్చీ దిద్దుతుంది. పింగాణీ పాత్రలను పిల్లల చేతికివ్వడం వెనుక ఉన్నదీ ఈ సూత్రమే.

రెండో మార్పును పిల్లలే తెచ్చారు. మొదట్లో ఉపాధ్యాయురాలే బోధన వస్తువులను పంచి, చివర తానే తిరిగి సర్దేది. ఆమె సర్దుతుంటే పిల్లలు తమ చోట్ల కూర్చోకుండా ఆమె చుట్టూ మూగేవారు. ఆమెకు అది అవిధేయతగా తోచింది. వస్తువులను స్వయంగా వాటి చోట పెట్టాలన్నదే ఆ పిల్లల కోరికని మాంటిస్సోరి గుర్తించి, ఆ పనిని వారికే విడిచిపెట్టారు. మరొకనాడు అలమరకు తాళం వేయడం మరచిపోగా, పిల్లలు తమకు కావలసిన వస్తువును తామే ఎంచుకుని పనిలో పడ్డారు. అది చూశాక తాళపు అలమర స్థానంలో తెరిచి ఉండే పొట్టి అరలు వచ్చాయి. రెండు మూడేళ్ళ బిడ్డకు వస్తువులు వాటి వాటి చోట ఉండాలనే గాఢమైన తపన ఉంటుందని ఆమె తరువాతి రచనల్లో ప్రతిపాదించి, దానికి ‘క్రమం పట్ల సున్నిత దశ’ అని పేరు పెట్టారు. అంటే, ఒక సామర్థ్యాన్ని మనసు అతి సులువుగా గ్రహించే పరిమిత కాలం అని అర్థం. బల్ల మీద ఎవరో పెట్టిన గొడుగును చూసి ఒక పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్చిందనీ, ఎందుకో పెద్దలకు అంతుబట్టలేదనీ, తల్లి ఆ గొడుగును గదిలోంచి తీసేయగానే ఏడుపు ఆగిందనీ ఆమె నమోదు చేసిన ఉదంతం ఈ ప్రతిపాదనకు ఆధారాల్లో ఒకటి.

ఈ పునాది మీదనే ‘నిత్యజీవన అభ్యాసాలు’ ఏర్పడ్డాయి. బొత్తాలు పెట్టడానికీ తాళ్ళు ముడివేయడానికీ చెక్క చట్రాలకు బిగించిన గుడ్డలు, దుమ్ము తుడవడం, బట్ట మడవడం, కుర్చీని చప్పుడు కాకుండా మోయడం ఇందులోని పాఠాలు. గది సర్దమని ఒక్కమాటలో ఆజ్ఞాపించే బదులు, ఆ పనిని చిన్న చిన్న కదలికలుగా విడదీసి, మాటలు తగ్గించి, నెమ్మదిగా చేసి చూపించడం ఉపాధ్యాయురాలి బాధ్యత అయింది. ఇంట్లో ఆడపిల్లకు మాత్రమే దక్కుతూ వచ్చిన ఈ శిక్షణ ఇక్కడ ఆడా మగా భేదం లేకుండా అందింది.

ఈ భావాలు భారతదేశానికి ముందుగా పుస్తకాల ద్వారా చేరాయి. భావనగర్‌లో 1920లో బాలమందిరాన్ని ప్రారంభించిన గిజుభాయి బధేకా వాటిని గుజరాతీ పిల్లలకు అనువుగా మలిచారు. ఆయన పుస్తకం ‘దివాస్వప్న’ తెలుగులో ‘పగటికల’గా వచ్చింది. 1939 చివర దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై మాంటిస్సోరి స్వయంగా, కుమారుడు మారియోతో, మద్రాసులోని అడయారుకు వచ్చి సుమారు మూడు వందల మందికి శిక్షణ ఇచ్చారు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో బ్రిటిష్ ప్రభుత్వం మారియోను నిర్బంధించి, ఆమె కదలికలపై ఆంక్షలు పెట్టింది. ఆమె డెబ్బైయవ పుట్టినరోజున, ఆ ఏడాది ఆగస్టు 31న, కుమారుణ్ణి విడిచిపెట్టింది. ఆ తరువాత కూడా ఆమె 1946 వరకు ఈ దేశంలోనే ఉండి, అడయారులోనూ కొడైకెనాల్‌లోనూ పని కొనసాగించారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు 1953 వరకు మద్రాసు రాష్ట్రంలో భాగం కావడంతో, ఈ శిక్షణ కేంద్రం తెలుగువారికి సొంత రాజధానిలోనే ఉన్నట్లయింది. విజయవాడలో వేగె కోటేశ్వరమ్మ మాంటిస్సోరి పేరుతో నెలకొల్పిన విద్యాసంస్థలు తెలుగునాట ఆ పేరును ఇంటింటికీ తెలిపాయి. ఆమెకు 2017లో పద్మశ్రీ లభించింది. నేల మీద చాప పరచి పని చేసి, పని కాగానే చాప చుట్టి దాని చోట పెట్టే మాంటిస్సోరి తరగతి అలవాటు తెలుగు ఇంటి బిడ్డకు కొత్తదేమీ కాదు. అది అమ్మ ఆజ్ఞగా కాక బిడ్డ సొంత పనిగా మారడమే కొత్త.

శుభ్రతకున్న సామాజిక కోణాన్ని సూటిగా పట్టుకున్నది మాత్రం గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీమ్, అంటే చేతిపని కేంద్రంగా సాగే మౌలిక విద్య. 1937 అక్టోబరులో వార్ధా సమావేశం దీన్ని చర్చించి, జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన సంఘాన్ని నియమించింది. ఆశాదేవి, ఆర్యనాయకం దంపతులు నడిపిన సేవాగ్రామ్ బడిలో గదులూ పరిసరాలూ మరుగుదొడ్లూ శుభ్రం చేయడం అన్ని కులాల పిల్లల దినచర్యలో భాగం. రోములో గోడలను కాపాడటానికి మొదలైన పని, ఇక్కడ ఒకరి మురికిని మరొకరు ఎత్తే దురాచారాన్ని ఎదిరించే పాఠమైంది. 1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకుల విద్యాలయం వంటి ఆశ్రమ పాఠశాలలు, సంక్షేమ హాస్టళ్ళు తెలుగు పల్లెల పిల్లలకు ఇంటికి దూరంగా తమ పక్కనూ బట్టలనూ పుస్తకాలనూ తామే చూసుకోవలసిన జీవితాన్ని పరిచయం చేశాయి. అక్కడ ఒక ట్రంకు పెట్టె మీద రాసుకున్న పేరే ఆ బిడ్డ సొంత స్థలానికి గుర్తు.

అపార్ట్‌మెంట్ల కాలంలో పిల్లలకు సొంత గది వచ్చింది, బొమ్మలూ బట్టలూ అనేక రెట్లు పెరిగాయి, కానీ అలమరలు పెద్దల ఎత్తులోనే ఉండిపోయాయి. చిందరవందరైన గదిని ఇంట్లో పనిచేసే మనిషో తల్లో సర్దిపెట్టడం, ఆపై బిడ్డను మందలించడం ఆనవాయితీ అయింది. పెద్దల ఎత్తు అలమర, ఇతరుల చేత సర్దింపు, ఈ రెండూ పనికిరావని 1907 నాటి అనుభవం తేల్చినవే. వస్తువులు తక్కువగా ఉండి, ప్రతి వస్తువుకూ బిడ్డ చేతికందే చోటు ఉండి, పనిని ఓపికగా చేసి చూపి, తిరిగి పెట్టే పనిని బిడ్డకే విడిచిపెట్టిన చోటల్లా క్రమం నిలిచింది. కొడుకునూ కూతురినీ ఒకే తీరుగా ఈ పనిలోకి దింపిన ఇల్లు గదిని శుభ్రంగా ఉంచడంతో ఆగదు. తన మురికిని తానే తీసుకోవడం చిన్నతనం కాదని నమ్మే పౌరుణ్ణి తయారుచేస్తుంది. అందువల్ల పిల్లల గది సర్దుబాటును గృహనిర్వహణలో చిల్లర విషయంగా కాక, సమానత్వానికి ఇంట్లో జరిగే తొలి శిక్షణగా పరిగణించడం న్యాయం.