ధర మారలేదు, తూకం మారింది: కోయంబత్తూరు, మదురై తెలుగు ఇళ్లకు సరుకుల లెక్క

మన తాతలు, అవ్వలు వీశల్లో, పలాల్లో సరుకు కొన్నవారు. 40 పలాలు ఒక వీశ. ఈనాటి లెక్కలో అది సుమారు 1,400 గ్రాములు. 1958 అక్టోబరు నుంచి దశలవారీగా మెట్రిక్ తూకాలు వచ్చాయి. కిలో వీశ కంటే చిన్నది. వీశ ధరకే కిలో కొన్నవారు 400 గ్రాములు పోగొట్టుకున్నట్టే. పాత ధరను కొత్త తూకానికి మార్చి చూసుకున్న ఇల్లాలు నష్టపోలేదు.

ఇప్పుడు మళ్లీ అదే పరిస్థితి. కిలో కిలోగానే ఉంది కానీ ప్యాకెట్ మాత్రం కిలో కాదు, అర కిలో కాదు, పావు కిలో కూడా కాదు. నెల సరుకుల బిల్లు కిందటి నెల లాగే ఉంటుంది, సరుకు మాత్రం ఇరవై ఐదో తేదీకే అయిపోతుంది. ఎక్కడ పోయిందో తెలియక ఇంట్లో ఒకరినొకరు అనుకోవడం మొదలవుతుంది. మన పేటల్లోని ఇళ్లకు పనికివస్తుందని ఈ లెక్కను ఒకచోట పెడుతున్నాం.

ప్యాకెట్ ఎందుకు చిన్నదవుతోంది

5 రూపాయలు, 10 రూపాయల ప్యాకెట్లను జనం నాణెం చూసి కొంటారు. 10 రూపాయల సరుకును 11 చేస్తే చిల్లర దొరకదు, కొనేవారు పక్క కంపెనీది తీసుకుంటారు. అందుకని ముడిసరుకు ధర పెరిగినప్పుడు కంపెనీలు ధర ముట్టుకోకుండా గ్రాములు తగ్గిస్తాయి. 2022లో 10 రూపాయల విమ్ సబ్బు 155 గ్రాముల నుంచి 135కు, హల్దీరామ్ ఆలూ భుజియా 55 గ్రాముల నుంచి 42కు తగ్గినట్టు పత్రికల్లో వచ్చింది. ధర ఒక్క పైసా పెరగలేదు. లెక్క వేస్తే సబ్బు దాదాపు 15 శాతం, భుజియా దాదాపు 31 శాతం ప్రియమయ్యాయి.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. తూకం 20 శాతం తగ్గితే ధర 20 శాతం పెరిగినట్టు కాదు, 25 శాతం పెరిగినట్టు. 100 గ్రాములకు ఇచ్చిన డబ్బే 80 గ్రాములకు ఇస్తున్నాం కదా.

ఈ దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. నెల జీతం వచ్చే ఇల్లు పెద్ద ప్యాకెట్ కొని తట్టుకుంటుంది. రోజు కూలి మీద, వారం బట్వాడా మీద నడిచే ఇల్లు, పింఛను మీద ఒంటరిగా బతికే అవ్వ చిన్న ప్యాకెట్లే కొనాలి. గ్రాములు ఎక్కువగా తగ్గేది వాటిలోనే.

చట్టం ఏం చెబుతోంది

2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాల్లో టీ, కాఫీ, బిస్కెట్లు, వంటనూనె, ఉప్పు, సబ్బు వంటి సరుకులను ఏయే తూకాల్లో ప్యాక్ చేయాలో ఒక పట్టిక ఉండేది. 2021 నవంబరులో చేసిన సవరణతో ఆ పట్టికను తీసేశారు. అందుకే 850 గ్రాముల నూనె, 180 గ్రాముల పొడి అమ్మినా నేరం కాదు. ప్యాకెట్ మీద అచ్చువేసిన తూకం లోపల ఉంటే చాలు.

అదే సవరణ మనకు ఒక ఆయుధం కూడా ఇచ్చింది. ప్యాకెట్ మీద గరిష్ఠ చిల్లర ధరతో పాటు యూనిట్ ధర వేయాలి. కిలో కంటే ఎక్కువ ఉంటే కిలోకు ఎంత, కిలో కంటే తక్కువ ఉంటే గ్రాముకు ఎంత అని ఉంటుంది. ద్రవాలకు లీటరు, మిల్లీలీటరు లెక్క. అక్షరాలు చిన్నవి కాబట్టి కళ్లద్దాలు తీసుకుని అంగడికి వెళ్లండి. గ్రాముకు 0.18 రూపాయలు అని ఉంటే 1,000తో గుణించండి: కిలో 180. ఈ అంకె గరిష్ఠ ధర మీద వేసింది. అంగడిలో తగ్గింపు ఇస్తే మనమే మళ్లీ లెక్క వేసుకోవాలి.

సరుకు వారీగా చూడవలసినవి

నూనె: లీటరు, కిలో ఒకటి కావు. లీటరు వంటనూనె సుమారు 910 గ్రాములే తూగుతుంది. కిలో నూనె అంటే దాదాపు 1,100 మిల్లీలీటర్లు. లీటరు ప్యాకెట్ 160 రూపాయలు, దాని పక్కనే 850 గ్రాముల ప్యాకెట్ 155 రూపాయలు అనుకుందాం. రెండోది 5 రూపాయలు చవకగా కనబడుతుంది. కిలో లెక్కకు మారిస్తే మొదటిది సుమారు 176, రెండోది 182. గానుగలో మంచినూనె, చెనిక్కాయ నూనె కొనేవారు ధర అడిగేటప్పుడే అది కిలోకా, లీటరుకా అని అడగండి. మన దేశం వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకుంటుంది. 2024 సెప్టెంబరులో ముడి నూనెల మీద సుంకం 5.5 నుంచి 27.5 శాతానికి పెరిగి, 2025 మే నెలాఖరులో 16.5 శాతానికి తగ్గింది. సుంకం తగ్గిన వార్త వచ్చినప్పుడు ప్యాకెట్ మీద ధరతో పాటు గ్రాములు కూడా చూడండి.

బియ్యం: ఇక్కడ మూట పెరిగింది! 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి పేరు వేసిన బియ్యం, పప్పు, పిండి మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. 25 కిలోలు దాటితే పన్ను లేదు. దానితో మిల్లులు 26 కిలోల మూటలు తెచ్చాయి. అంగడివారు మూట విప్పి విడిగా తూచి ఇచ్చే బియ్యానికీ పన్ను లేదు. మూట ధరను 26తో భాగించి, విడి బియ్యం కిలో ధర పక్కన పెట్టి చూడండి.

పాలు: అర లీటరు ప్యాకెట్ అర లీటరే, కానీ లోపలి వెన్న శాతం వేరు. ఆవిన్‌లో ఆకుపచ్చ ప్యాకెట్‌లో 4.5 శాతం, ఊదారంగు డిలైట్‌లో 3.5 శాతం, నీలం ప్యాకెట్‌లో 3 శాతం వెన్న ఉంటుంది. పెరుగు పలచగా తోడుకుంటోందంటే తోడు తప్పనుకోకుండా ముందు ప్యాకెట్ రంగు చూడండి.

కాఫీ పొడి: గ్రాములు తగ్గకపోయినా చికోరీ పెరగవచ్చు. చికోరీ కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఎంత కలిపారో ప్యాకెట్ మీద వేయాలి. 80 శాతం కాఫీ ఉన్న పొడినీ, 53 శాతం ఉన్న పొడినీ ఒకే ధర చూసి పోల్చకూడదు. గింజలు వేయించి కళ్లముందే పొడిచేసే అంగళ్లలో చికోరీ ఎంత కలపాలో మనమే చెప్పవచ్చు.

చింతపండు, ఎండుమిరప: కొత్త పంట వచ్చే మాఘ, ఫాల్గుణాల్లో కొని, ఎండబెట్టి, జాడీల్లో పెట్టే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. దాన్ని వదులుకోవద్దు. 100 గ్రాముల ప్యాకెట్లుగా ఏడాది పొడుగునా కొనేదానికీ దీనికీ తేడా ఒక్క ఏడాది రాసి చూస్తే తెలుస్తుంది.

సబ్బు, టూత్‌పేస్టు, బిస్కెట్లు: 2025 సెప్టెంబరు 22 నుంచి వీటి మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ లాభం కొన్నింటిలో ధర తగ్గి వస్తుంది, కొన్నింటిలో గ్రాములు పెరిగి వస్తుంది. పాత రేపర్ ఒకటి దాచి పోల్చుకుంటే వచ్చిందో లేదో తెలుస్తుంది.

ఎక్కడ కొనాలి

కూరగాయలకు ఉళవర్ సంతై మేలు. 1999 నవంబరు 14న మొదటి సంతై తెరిచింది మన మదురై అణ్ణానగర్‌లోనే. కోయంబత్తూరులో ఆర్.ఎస్.పురం, సింగానల్లూరు, సుందరాపురం, వడవల్లిలో ఉన్నాయి. ఆనాటి ధరల పట్టిక బోర్డు మీద ఉంటుంది. ఏమీ కొనకపోయినా ఆ ధరలు తెలుసుకుంటే వీధి బండి దగ్గర బేరానికి పనికొస్తాయి.

పప్పులకు, మసాలా దినుసులకు కోయంబత్తూరు రంగై గౌడర్ వీధి, మదురై కీళమాసి వీధి టోకు అంగళ్లున్న చోట్లు. ఒక్క ఇంటికి అంత సరుకు అక్కర్లేదు, ఒక్కసారిగా అంత డబ్బూ ఉండదు. ఒకే వీధిలో నాలుగు ఇళ్లు కలిసి ఒక మూట కందిపప్పు, ఒక మూట ఉద్దిపప్పు తెచ్చి పంచుకోవచ్చు. ఆటో ఖర్చు కూడా కలిపి నాలుగు భాగాలు చేయండి. పంచేటప్పుడు తూచి పంచండి, చుట్టరికానికి అదే మంచిది. వీధిలో ఒంటరిగా ఉన్న అవ్వకు అర కిలో కావాలన్నా ఆ టోకు ధరకే ఇస్తే, ఈ పని చేసినందుకు ఫలం దక్కినట్టే.

రేషన్ సరుకును చిన్నచూపు చూడవద్దు. తమిళనాడు ప్రత్యేక ప్రజా పంపిణీలో కందిపప్పు కిలో 30 రూపాయలు, పామోలిన్ లీటరు 25 రూపాయలు. అంగడి ధరతో పోలిస్తే నెలకు మిగిలేది తక్కువేమీ కాదు. కొన్న సరుకు వివరం ఫోన్‌కు సందేశంగా వస్తుంది. తీసుకోని సరుకు తీసుకున్నట్టు సందేశం వస్తే 1967కు ఫోన్ చేయండి.

తూకం తగ్గితే

అచ్చువేసిన తూకం కంటే లోపల తక్కువ ఉంటే అది నేరం. చిన్న తేడాను నియమాలు ఒప్పుకుంటాయి: అర కిలో నుంచి కిలో దాకా ప్యాకెట్‌కు 15 గ్రాములు. అంతకు మించి తగ్గితే ప్యాకెట్ విప్పకుండా, బిల్లుతో సహా ఉంచుకోండి. గరిష్ఠ ధర కంటే ఎక్కువ తీసుకున్నా ఫిర్యాదు చేయవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తమిళనాడులో తూనికలు కొలతలు కార్మిక శాఖ కింద ఉన్నాయి, జిల్లా కార్యాలయంలో రాసి ఇవ్వవచ్చు. విడిగా తూచే అంగడిలో తక్కెడకు ముద్ర వేసిన సర్టిఫికెట్ ఉందో లేదో చూడటం మన హక్కు. ముందుగా అంగడివారితో మర్యాదగా మాట్లాడండి. ప్యాకెట్‌ను చిన్నది చేసింది వారు కాదు.

ఇంటి నోటుబుక్

చివరిగా ఒక్క పని. నెలకు మన ఇంటికి కందిపప్పు ఎన్ని కిలోలు, నూనె ఎన్ని లీటర్లు, కాఫీ పొడి ఎన్ని గ్రాములు పడుతుందో ఒక నోటుబుక్‌లో రాయండి. ప్యాకెట్లు ఎన్ని అని రాయవద్దు, తూకం రాయండి. పక్కన కిలో ధర రాయండి. మూడు నెలలు రాస్తే ఏ సరుకు ప్రియమైందో, ఏది మనమే ఎక్కువ వాడుతున్నామో విడివిడిగా కనబడుతుంది.

తగ్గించక తప్పనప్పుడు ఏది తగ్గించాలో కూడా అప్పుడే తేల్చుకోవచ్చు. లెక్క లేని ఇంట్లో ముందు పలచబడేది పప్పు, తగ్గేది పిల్లల పాలు, బిస్కెట్ ప్యాకెట్ మాత్రం అలాగే వస్తూ ఉంటుంది. లెక్క ఉన్న ఇంట్లో ముందు ఆగేది బిస్కెట్ ప్యాకెట్.