మరుగుపడిన నూతన నాదములు

రేడియో మర త్రిప్పుచు ఒక కేంద్రమునుండి మరియొక కేంద్రమునకు పోవునపుడు నడుమ సన్నని ఈలవంటి ధ్వని వినవచ్చును. అది ఒకప్పుడు కీచుమని పైకెక్కును. మరియొకప్పుడు బొంగురుపోయి క్రిందికి దిగును. శ్రోతలు దానిని ఇబ్బందిగా నెంచి మరను ఇంకొంచెము త్రిప్పుదురు. దగ్గర దగ్గరగా ఉన్న రెండు తరంగములు కలిసినపుడు వాని భేదము మన చెవికి స్వరమై తోచుటయే దీనికి కారణము. 1920 ప్రాంతమున రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు లియోన్ థెరెమిన్ ఈ సూత్రమునే ఆధారముగా గొని, తాకకుండ గాలిలో చేయి కదల్చినంత మాత్రమున పలుకు వాద్యమును నిర్మించెను. ఎలెక్ట్రానిక్ సంగీతమునకు మన ఇంటి రేడియోతో గల చుట్టరికము పుట్టుకతో వచ్చినదే.

ఆ సంగీతము పెరిగినదియు రేడియో ఇండ్లలోనే. 1948లో పారిస్ రేడియోలో పియేర్ షెఫేర్ రైలుబండ్ల చప్పుళ్ళను రికార్డుచేసి, వానినే కూర్చి, సంగీత రచనగా ప్రసారము చేసెను. 1951లో జర్మనీయందలి కొలోన్ రేడియోలోను, 1955లో ఇటలీయందలి మిలాన్ రేడియోలోను, 1958లో లండను బి.బి.సి.లోను ఇట్టి ప్రయోగములకు ప్రత్యేక శాలలు వెలసెను. టేపు యంత్రములు, శబ్దము పుట్టించు పరికరములు, పుట్టిన శబ్దమును వడకట్టు పరికరములు ఆనాడు రేడియో కేంద్రములలో తప్ప సంగీత విద్వాంసుల ఇండ్లలో ఎక్కడివి? టేపును కత్తిరించి అతికించుట, వెనుకకు నడుపుట, వేగము తగ్గించి పెంచుట — ఇవియే అప్పటి సాధనలు.

మన దేశపు సామాన్య శ్రోత ఈ నాదములను తనకు తెలియకయే వినెను. 1954లో వచ్చిన ‘నాగిన్’ హిందీ చిత్రమున పాములవాని నాగస్వరముగా మనము భ్రమించినది క్లావియోలిన్ అను ఎలెక్ట్రానిక్ వాద్యము; దానిని వాయించినది కల్యాణ్‌జీ. ఆ పాటలు దేశమంతట మారుమ్రోగెను. ఇక ప్రభుత్వపు ఫిలిమ్స్ డివిజన్ వారి లఘుచిత్రములను అసలు సినిమాకు ముందు చూపవలెనని ఆనాడు నిబంధన యుండెను. 1960ల చివర ప్రమోద్ పతి వంటి దర్శకులు ఆ లఘుచిత్రములలో చిత్రమునకును ధ్వనికిని సాహసోపేతమైన ప్రయోగములు చేసిరి. మెట్‌పల్లి వంటి ఊళ్ళ సినిమాశాలలలోను ప్రేక్షకుడు అసలు కథ ఎప్పుడు మొదలగునా యని ఎదురుచూచుచు ఇట్టి లఘుచిత్రములనే చూచెను. విన్న ధ్వనికి పేరు తెలియదు. చేసినవాని పేరు అంతకంటె తెలియదు.

మన దేశమున ఎలెక్ట్రానిక్ సంగీతమునకై ఒక శాల నిజముగానే నెలకొనెను. అది అహమ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్. ఆ సంస్థను 1961లో నిలబెట్టినవారిలో గౌతమ్ సారాభాయి, గీరా సారాభాయి ముఖ్యులు. వారి సోదరి గీతా సారాభాయి మృదంగమునకు దగ్గరి చుట్టమగు పఖావజ్ నేర్చిన విదుషి. ఆమె 1946లో న్యూయార్కునకు వెళ్ళి జాన్ కేజ్ అను స్వరకర్తకు భారతీయ సంగీత తత్త్వమును తెలిపి, బదులుగా అతనియొద్ద పాశ్చాత్య సంగీతము నభ్యసించెను. ఆ స్నేహము ఫలితముగా 1969లో కేజ్ సహచరుడు డేవిడ్ ట్యూడర్ అహమ్మదాబాదు వచ్చి, రాబర్ట్ మూగ్ నిర్మించిన సింథసైజరు యంత్రముతో శాలను ఏర్పరచెను. ఆ యంత్రమున తీగెలను ఒక రంధ్రమునుండి మరియొక రంధ్రమునకు తగిలించుచు విద్యుత్తును ఎట్లు మళ్ళించిన అట్టి స్వరము పలుకును.

1969 నుండి 1972 వరకు అచట గీతా సారాభాయితోపాటు ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయి, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా స్వయముగా రచనలు చేసిరి. వారి కూర్పులలో ఒకదానికి పేరు తంబూరానుండి వచ్చినది, ఒకదానికి పక్షులనుండి, ఒకదానికి అంతరిక్ష నౌకనుండి. పడమటి దేశపు యంత్రము చేతికి వచ్చినను వారి చెవి మాత్రము మన ఆవరణలోనే యున్నదని ఆ పేర్లే చెప్పుచున్నవి. తరువాత శాల మూగవోయెను. టేపులు సంస్థవారి భాండారమున చేరెను. రమారమి అర్ధశతాబ్దికి లండనులోని కళాకారుడు పాల్ పర్గస్ వానిని కనుగొని, 2020లో బి.బి.సి.లో వాని కథను వినిపించి, 2023లో రికార్డుగా వెలువరించుటకు కారకుడయ్యెను.

ఇంతకాలము ఆ టేపులు ఏల వెలుగు చూడలేదు? సంగీతము చెడ్డదై కాదు. దానిని చేసినవానికిని వినువానికిని నడుమ త్రోవ లేకుండెను. గ్రామఫోను పలకలను అచ్చొత్తవలెనన్న పెద్ద కర్మాగారము కావలెను. మన దేశమున ఆ వ్యాపారము చిరకాలము ఒకే పెద్ద కంపెనీ చేతిలో నుండెను. వేల సంఖ్యలో అమ్ముడుపోదని తోచిన సంగీతము అచ్చు యంత్రము మెట్టు ఎక్కజాలదు.

ఎక్కినను కథ అంతటితో ముగియదు. బొంబాయి సినిమా వాద్యబృందములలో పనిచేసిన చరణ్‌జీత్ సింగ్ 1982లో పది రాగములను డిస్కో తాళమునకు కూర్చి ఒక రికార్డు చేసెను. మన మోహనకు సాటియైన భూపాలి, మన హిందోళమునకు సాటియైన మాల్కౌన్స్ అందున్నవి. రోలండ్ కంపెనీవారి టి.బి. 303, టి.ఆర్. 808 అను జపాను యంత్రములనే అతడు వాడెను. రికార్డు అమ్ముడుపోలేదు. కొన్నేండ్లకు అమెరికాలోని చికాగోలో అదే యంత్రముతో ‘యాసిడ్ హౌస్’ అను నృత్య సంగీతము పుట్టి లోకమంతట వ్యాపించెను. 2002లో ఒక డచ్చి సేకర్త ఢిల్లీ అంగడిలో సింగ్ పాత రికార్డును చూచి తీసికొనెను. 2010లో అది మరల విడుదలయ్యెను. 2015లో మరణించుటకు ముందు ఆ వృద్ధ విద్వాంసుడు యూరపు వేదికలపై తన రాగములను వినిపించి చప్పట్లు అందుకొనెను. అంగడిలోని ఆ పలకను ఎవరును తిరుగవేయకున్నచో ఆ చప్పట్లు లేవు.

ఈ కథలు మన ప్రాంతమునకు దూరమని తలంపవద్దు. ఫిలిప్స్ కంపెనీవారు 1963లో వెలువరించిన కేసెట్టు 1980లలో మన దేశమున పెద్ద కంపెనీల గుత్తాధిపత్యమును భగ్నము చేసెను. నిజామాబాదునుండి జగిత్యాలకు పోవు దారినున్న మెట్‌పల్లి ప్రాంతమున దానికి మరియొక బలము తోడయ్యెను. ఈ పల్లెలనుండి దుబాయి, మస్కటులకు పనికి పోయినవారు తిరిగివచ్చునపుడు టేపురికార్డరును తెచ్చుట పరిపాటియయ్యెను. పాట పాడువాడు, టేపుపై నింపువాడు, కొనువాడు — ముగ్గురును ఇరుగుపొరుగువారే కావచ్చుననుట అదివరకు లేని సంగతి. ఒగ్గుకథలు, బతుకమ్మ పాటలు, ప్రజాగాయకుల గీతములు ఈ త్రోవనే ఇండ్లు చేరెను. గల్ఫులోని బంధువునకు ఇంటివారి మాటలను టేపుపై పలికించి పంపినదియు ఈ పెట్టెలోనే.

పిమ్మట ఆ పాటలలో క్యాసియో వచ్చెను. డప్పు ప్రక్కన ఎలెక్ట్రానిక్ ప్యాడ్ చేరెను. నేడు పెండ్లి ఊరేగింపులో మ్రోగు డి.జె. పాటలో జానపదుని గొంతు క్రింద యంత్రపు దరువు నడచుచున్నది. దానిని చేయు యువకునకు కంపెనీతో పని లేదు. ఒక కంప్యూటరు చాలును. స్వతంత్ర ఎలెక్ట్రానిక్ సంగీతమని పండితులు చెప్పు లక్షణములన్నియు దానికి కలవు. చెవులు బద్దలగు హోరును మేము సమర్థింపము. కాని హోరు వేరు, కూర్పు వేరు. హోరును నిందించుచు కూర్పును కూడ త్రోసివేసినచో అహమ్మదాబాదు టేపులకు పట్టిన గతియే దీనికిని పట్టును.

నేడు త్రోవలకు కొదువ లేదు. 2008లో మొదలైన బ్యాండ్‌క్యాంప్ వంటి వేదికలలో దేశదేశముల ప్రయోగశీలురు తమ కూర్పులను తామే ఉంచుచున్నారు. ముందుగా విని, నచ్చినచో వెలయిచ్చి కొనవచ్చును. అచట వెదకువారికి మేము చెప్పునది ఒక్కటే: పాటతో ఆగక పేర్లు చదువవలెను. ఒక కూర్పు నచ్చినపుడు దానిని చేసినవారెవరు, వెలువరించినవారెవరు, వారు వెలువరించిన తక్కినవి ఏవి యని చూచినచో ఒక ద్వారము పది ద్వారములను తెరచును.

అంతకంటె త్వరపడవలసిన పని మన ఇండ్లలోనే యున్నది. అయస్కాంతపు టేపు చిరంజీవి కాదు. మన ఎండకు దానిపై పూత రాలును. వానకాలపు చెమ్మకు బూజు పట్టును. చుట్ట సడలి యంత్రమున చిక్కుకొనును. పెద్ద కంపెనీల పాటలు ఎచటనైన మరల దొరకును. పేరులేని చిన్న కేసెట్టునకు మరియొక ప్రతి ఉండకపోవచ్చును. కావున అటకపైనున్న పెట్టెను దింపుడు. చుట్ట సడలినచో పెన్సిలుతో బిగించి, బూజు లేనిచో మంచి యంత్రమున ఒక్కసారి నడిపి కంప్యూటరునకు ఎక్కింపుడు. పాడినవారు, వాయించినవారు, ఊరు, ఏడు — తెలిసినంతవరకు అట్టపై వ్రాసియుంచుడు. పేరు లేని టేపును పిల్లలు చెత్తయని పారవేయుదురు. పేరున్న టేపును మాత్రము ఒకసారి విని చూతురు.