నీలం సంజీవరెడ్డి: పదవులూ రాజీనామాలూ

1967 సాధారణ ఎన్నికల్లో హిందూపురం లోక్‌సభ స్థానం నుంచి గెలిచిన నీలం సంజీవరెడ్డి అప్పటికే రెండుసార్లు ముఖ్యమంత్రి, అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడు, కేంద్రంలో మంత్రి. ఈ నియోజకవర్గం 1957లో ఏర్పడింది. పదేళ్లకు దానికి దేశమంతా పేరు తెలిసిన అభ్యర్థి దొరికాడు. ఆయన అనంతపురం జిల్లా మనిషే. 1913 మే 19న ఇల్లూరులో రైతు కుటుంబంలో పుట్టి, మద్రాసు అడయారులోని థియొసాఫికల్ హైస్కూల్లోనూ అనంతపురం ప్రభుత్వ కళాశాలలోనూ చదివి, 1931లో చదువు ఆపేసి స్వాతంత్ర్యోద్యమంలోకి వెళ్లాడు.

పాతికేళ్లకే, 1938లో, ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ కమిటీ కార్యదర్శి అయ్యాడు. ఆ పదవిలో పదేళ్లున్నా, అందులో సగం కాలం జైళ్లలోనే గడిచింది. 1942 మార్చిలో విడుదలైనవాణ్ణి ఆగస్టులో మళ్లీ పట్టుకుని బేరారులోని అమరావతి జైలుకు పంపారు. 1945 దాకా అక్కడే. టంగుటూరి ప్రకాశం, సత్యమూర్తి, కామరాజు, వి.వి. గిరి ఆ జైలులో ఆయన సహచరులు. వీరిలో ప్రకాశం దగ్గర ఆయన తర్వాత ఉపముఖ్యమంత్రిగా పనిచేశాడు. కామరాజు ఆయన్ను రాష్ట్రపతిని చేయాలని పట్టుబట్టాడు. గిరి ఆయన్నే ఓడించి రాష్ట్రపతి అయ్యాడు.

1946లో మద్రాసు శాసనసభకు ఎన్నికైన సంజీవరెడ్డి రాజ్యాంగ సభలోనూ సభ్యుడు. 1949 ఏప్రిల్ నుంచి కుమారస్వామి రాజా మంత్రివర్గంలో మద్యనిషేధం, గృహనిర్మాణం, అడవుల శాఖలు చూశాడు. రెండేళ్లకు మంత్రి పదవిని వదిలేసి, రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి ఎన్.జి. రంగా మీద పోటీచేసి గెలిచాడు. ప్రభుత్వ పదవికి రాజీనామా ఇచ్చి పార్టీ పనిలోకి వెళ్లడం ఆయన జీవితంలో అదే మొదలు. కుర్చీ కంటే పార్టీ మీద పట్టు ముఖ్యమని ఆయన లెక్కవేసినట్టు కనిపిస్తుంది. అయితే ఆ గెలుపు ఖరీదైనదే. రంగా, ప్రకాశం కాంగ్రెస్‌ను విడిచి వేరే పార్టీలు పెట్టుకున్నారు. 1952 ఎన్నికల్లో ఆంధ్ర ప్రాంతంలో కాంగ్రెస్ బాగా దెబ్బతింది. అధ్యక్షుడే స్వయంగా అనంతపురంలో ఓడిపోయాడు. ఓడించిన కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి స్వయానా ఆయన బావమరిది. సంజీవరెడ్డి భార్య నాగరత్నమ్మ నాగిరెడ్డి తోబుట్టువు. ఆ ఏడాది రాజ్యసభ మార్గాన ఢిల్లీ వెళ్లినా, మరుసటి ఏడాదే సొంత రాష్ట్రానికి తిరిగి వచ్చాడు.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కాంగ్రెస్ అధిష్ఠానం పార్టీని విడిచివెళ్లిన ప్రకాశాన్నే ముఖ్యమంత్రిని చేసింది. సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రిగా సర్దుకున్నాడు. మద్యనిషేధం వివాదంలో 1954 నవంబరులో ఆ ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఒకప్పుడు మద్రాసులో మద్యనిషేధ శాఖ చూసిన మంత్రికి ఇది తెలిసిన చిక్కే. 1955 మధ్యంతర ఎన్నికల్లో కాంగ్రెస్ కూటమి ఘనంగా గెలిచింది. అప్పుడు ముఖ్యమంత్రి బెజవాడ గోపాలరెడ్డి, ఉపముఖ్యమంత్రి మళ్లీ సంజీవరెడ్డే.

1956 నవంబరు 1న తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. కాంగ్రెస్ శాసనసభా పక్షంలో గోపాలరెడ్డిని పక్కకు నెట్టి సంజీవరెడ్డి తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి మరో ప్రాంతం వాడు కావాలన్నది ఆ ఏడాది ఫిబ్రవరిలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలోని ఒక షరతు. రెండుసార్లు ఉపముఖ్యమంత్రిగా ఉన్నవాడే తన తొలి మంత్రివర్గంలో ఆ పదవి ఉంచలేదు. అది చేతికి ఆరో వేలు లాంటిదని అన్నాడన్న మాట తెలంగాణ రాజకీయాల్లో దశాబ్దాలపాటు నలిగింది. రెండు ప్రాంతాల మధ్య అపనమ్మకానికి తొలి బీజాల్లో దీన్ని లెక్కించక తప్పదు.

పాలకుడిగా ఆయన చేసిన పనుల్లో పంచాయతీరాజ్ ముందుగా చెప్పదగ్గది. బల్వంతరాయ్ మెహతా కమిటీ సిఫారసు చేసిన మూడంచెల విధానాన్ని 1959 అక్టోబరు 2న రాజస్థాన్ మొదలుపెడితే, రెండో రాష్ట్రం ఆంధ్రప్రదేశే. ఆ నెలలోనే షాద్‌నగర్‌లో నెహ్రూ ప్రారంభించాడు. నవంబరు 1 నుంచి పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు పనిలోకి వచ్చాయి. గ్రామాల బడులు, బావులు, రోడ్ల ఖర్చు కలెక్టరు కచేరీ నుంచి ఎన్నికైన సమితి అధ్యక్షుడి చేతికి మారింది. గ్రామీణ పెద్దరైతులకు రాజకీయంగా ఎదిగే మెట్టు కూడా అదే అయింది. 1980ల నడుమ మండలాలు వచ్చేదాకా ఈ సమితులే నడిచాయి. 

1960 జనవరిలో ఆయన మళ్లీ పదవి వదిలాడు, ఈసారి అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడు కావడానికి. దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యాడు. 1962లో డోన్ నుంచి శాసనసభకు ఎన్నికై సంజీవరెడ్డి తిరిగి ఆ కుర్చీలో కూర్చున్నాడు. 1963 జులైలో నెహ్రూ శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసినప్పుడు ఆయనే ముఖ్యమంత్రి. 

రెండో విడత పాలన ముగిసిన తీరు ఆయన జీవితంలో అతి ఆసక్తికరమైన ఘట్టం. బస్సు మార్గాల జాతీయీకరణలో కర్నూలు జిల్లాను ముందుకు జరపడం వెనుక తన రాజకీయ ప్రత్యర్థులైన బస్సు యజమానుల మీద ముఖ్యమంత్రి కక్ష ఉందని ఆపరేటర్లు కోర్టుకెక్కారు. ఆ ఆరోపణలను ఖండిస్తూ ముఖ్యమంత్రి ప్రమాణపత్రం దాఖలు చేయలేదు. 1964లో సుప్రీంకోర్టు ఆ మౌనాన్ని లెక్కలోకి తీసుకుని పథకాన్ని కొట్టివేసింది. శిక్ష లేదు, పదవి వదలమన్న ఆదేశమూ లేదు. అయినా సంజీవరెడ్డి ఫిబ్రవరిలో రాజీనామా చేశాడు. ఆ తర్వాత కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యాడు. కొన్ని నెలలకే లాల్ బహదూర్ శాస్త్రి సంజీవరెడ్డిని కేంద్రంలో ఉక్కు, గనుల మంత్రిని చేశాడు. 1966లో ఇందిరాగాంధీ మంత్రివర్గంలో రవాణా, పౌరవిమానయాన శాఖలు దక్కాయి.

హిందూపురం ఆయన్ను లోక్‌సభకు పంపాక 1967 మార్చి 17న స్పీకరు ఎన్నిక జరిగింది. ప్రత్యర్థి విశాఖపట్నం సభ్యుడు తెన్నేటి విశ్వనాథం. ప్రకాశం మంత్రివర్గంలో ఇద్దరూ కలిసి పనిచేసినవాళ్లే. సంజీవరెడ్డికి 278, తెన్నేటికి 207 ఓట్లు పడ్డాయి. స్పీకరు కాగానే ఆయన కాంగ్రెస్ సభ్యత్వం వదులుకున్నాడు. షెడ్యూల్డు కులాలు, తెగల సంక్షేమానికి పార్లమెంటరీ కమిటీ ఏర్పడింది ఆయన హయాంలోనే. 1969 మేలో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మరణించడంతో కాంగ్రెస్ ఆయన్ను రాష్ట్రపతి అభ్యర్థిగా నిలిపింది. జులైలో స్పీకరు పదవికి రాజీనామా. ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయమనడంతో గిరి 4,20,077 ఓట్ల విలువతో గెలిచాడు. సంజీవరెడ్డికి వచ్చింది 4,05,427. కాంగ్రెస్ చీలికకు ఈ ఎన్నిక దారితీసింది. ఆయన అనంతపురం వచ్చి వ్యవసాయంలో పడ్డాడు.

1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు దక్కితే, జనతా పార్టీ గెలిచిన ఒక్క సీటు, మళ్లీ రాజకీయాల్లోకి వచ్చిన సంజీవరెడ్డి నిలిచిన నంద్యాల. మార్చిలో రెండోసారి స్పీకరు, జులైలో మళ్లీ రాజీనామా, అదే నెల 25న పోటీ లేకుండా ఎన్నికైన రాష్ట్రపతిగా ప్రమాణం. 1979లో మొరార్జీ ప్రభుత్వం కూలినప్పుడు చరణ్‌సింగ్‌ను ప్రధానిని చేయడం, ఆగస్టులో లోక్‌సభను రద్దు చేయడం ఆయన నిర్ణయాల్లో ఎక్కువ విమర్శ తెచ్చాయి. 1982లో పదవీకాలం పూర్తయ్యాక అనంతపురం చేరాడు. 1989లో ఆంగ్లంలో తన జ్ఞాపకాలు ప్రచురించాడు. 1996 జూన్ 1న బెంగళూరులో మరణించాడు.